గోడకు అటు చీటీ, ఇటు పిల్ల

ఐదు రోగాలను ఒకే సూదితో ఆపే పెంటావాలెంట్ టీకా మన దగ్గరికి వచ్చిన కొత్తల్లో, ఒక జనవరి మొదటి వారంలో, తార్నాక పక్కనున్న ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో నేను హెల్త్ సూపర్‌వైజర్‌గా చార్జి తీసుకున్నాను. అప్పటికి ఏఎన్ఎంగా నాకు ఇరవై మూడేళ్ల సర్వీసు. సగం నల్లగొండ పల్లెల్లో, సగం మౌలాలిలో గడిచింది. పదోన్నతి మీద వచ్చాను కనుక కొత్త కుర్చీ, కొత్త రిజిస్టర్లతో పాటు కాస్త కొత్త గర్వం కూడా వెంట తెచ్చుకున్నాను. ఆ గర్వం సరిగ్గా ఆరు నెలలు నిలిచింది. అది ఎలా పోయిందో రాయడానికే ఇప్పుడు కూర్చున్నాను. సిగ్గుపడాల్సిన సంగతే. అయినా తలచుకున్నప్పుడల్లా నాకు సిగ్గు కంటే కృతజ్ఞతే ఎక్కువ కలుగుతుంది. ఒక చిన్న వయసు డాక్టరమ్మకూ, ఒక బాలింతకూ, జొన్న రొట్టెలు అమ్ముకునే ఒక అమ్మమ్మకూ నేను రుణపడి ఉన్నాను.

మా కేంద్రం పరిధి చిత్రమైనది. ఒక వైపు విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో చిన్న ఉద్యోగుల క్వార్టర్లు. వెడల్పాటి రోడ్లు, చెట్లు, పొద్దుటి నడకకు వచ్చే ప్రొఫెసర్లు. ఇంకో వైపు మాణికేశ్వర్ నగర్. ఇరుకు గల్లీలు, ఇంటిని ఆనుకుని ఇల్లు, ఆటో వస్తే మనుషులు గడప ఎక్కి నిలబడాలి. రెంటికీ మధ్య ఒక ప్రహరీ గోడ, ఆ గోడలో జనం ఎప్పుడో పడగొట్టుకున్న ఒక సందు. ఆ సందులోంచి నడిస్తే ఇటు నుంచి అటుకు పది నిమిషాలు. క్వార్టర్ల వైపు ఏఎన్ఎం కవిత, మాణికేశ్వర్ నగర్ వైపు ఏఎన్ఎం విజయ. ఇద్దరూ నా పర్యవేక్షణలో ఉండేవారు. మా అందరి పైన మెడికల్ ఆఫీసర్ డాక్టర్ అనుపమ గారు. ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. వాళ్ల పెద్దలు గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. ఆమె నన్ను "సుగుణ గారూ" అని పిలిచేది. అంతకు ముందు డాక్టర్లు నన్ను "సిస్టర్" అనో "ఏమ్మా" అనో పిలిచినవాళ్లే. ఆ 'గారు' నన్నే అని అర్థం కావడానికి నాకు వారం పట్టింది.

టీకాల పని బయటికి సూది పనిలా కనిపిస్తుంది గాని నిజానికి అది ముప్పాతిక వంతు కాగితం పని. బుధవారం, శనివారం టీకాల రోజులు. అంతకు ముందే ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి ఏ పిల్లకు ఏ డోసు వేయాలో పేర్లు రాసుకొస్తుంది. దాన్ని డ్యూ లిస్టు అంటాం. గర్భిణిగా పేరు నమోదైన చోటే తల్లీబిడ్డల కార్డు ఇస్తాం. ఆ కార్డు చివరి ముక్క, కౌంటర్‌ఫాయిల్ అనే చీటీ, చించి మా దగ్గర పెట్టుకుంటాం. ఆ చీటీల కోసం గోడకు తగిలించే గుడ్డ సంచి ఒకటి ఉంటుంది. దానికి నెలకొక జేబు. ఈ నెల డోసు పడాల్సిన పిల్ల చీటీ ఈ నెల జేబులో, డోసు పడ్డాక వచ్చే నెల జేబులో. నెలాఖరుకు జేబులో చీటీ మిగిలిందంటే ఒక పిల్ల మిగిలిందన్న మాట. పన్నెండు జేబులు కాక కింద ఇంకో రెండు ఉంటాయి. ఒకటి టీకాలన్నీ పూర్తయిన పిల్లలది. రెండోది ఏరియా విడిచిపోయిన వాళ్లదీ, చనిపోయిన వాళ్లదీ. ఆ ఇద్దరికీ కలిపి ఒకే జేబు.

మా వాళ్లలో తొలి కాన్పు తల్లిగారింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వెళ్లిన అమ్మాయి బిడ్డను ఎత్తుకుని మూడో నెలకో ఐదో నెలకో గాని తిరిగి రాదు. దాంతో ప్రతి నెలా జేబుల్లో చీటీలు మిగిలేవి, సమీక్ష సమావేశంలో మాకు చీవాట్లు పడేవి. కొత్త సూపర్‌వైజర్‌ను కదా, నాకో తెలివైన ఆలోచన వచ్చింది. తల్లిగారింటికి పోయిన వాళ్ల చీటీలు తీసి ఆ కింది జేబులో వేయమన్నాను. తిరిగి వచ్చినప్పుడు పైకి తీద్దాం, అక్కడున్నప్పుడు అక్కడి వాళ్లు చూసుకుంటారు అన్నాను. "ఎంత ఈజీ చేసిన్రు మేడం!" అంది కవిత. తర్వాతి నెల మా నివేదిక కడిగిన ముత్యంలా ఉంది. జిల్లా సమావేశంలో నా పేరు ఎత్తి మెచ్చుకున్నారు కూడా. ఆ సాయంత్రం తార్నాకలో దిగి ఇంట్లో అందరికీ మిర్చి బజ్జీలు కట్టించుకుని వెళ్లాను.

మరి అక్కడి వాళ్లు నిజంగా చూసుకునేవారా? ఎదుటికి వచ్చిన ప్రతి పిల్లకూ, కార్డు ఎక్కడిదైనా సరే, టీకా వేయమనే నియమం. కానీ వేరే ఏరియా కార్డు మీద వేస్తే దాన్ని ఎక్కడ చూపాలో తెలియక, కార్డు ఎక్కడిదో అక్కడే వేయించుకో అని పంపేయడం ఏఎన్ఎంలకు అలవాటు. నేనూ ఏఎన్ఎంగా ఉన్నప్పుడు అలా పంపినదాన్నే. రెండు అలవాట్లూ విడివిడిగా చూస్తే పెద్ద తప్పులుగా కనబడవు. ఒకే పిల్ల మీద రెండూ పడితే ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

జూలైలో ఒక శనివారం, మాణికేశ్వర్ నగర్ అంగన్‌వాడీలో విజయ టీకాలు వేస్తుంటే పర్యవేక్షణకు వెళ్లాను. పక్కింట్లోంచి ఒక పెద్దావిడ దగ్గు ఆగకుండా వినిపిస్తోంది. రెండు వారాలు దాటిన దగ్గు ఎక్కడ కనబడినా క్షయ అనుమానంతో కళ్లె పరీక్షకు రాయాలన్నది మాకు నరాల్లో ఇంకిపోయిన రూలు. అందుకని గడప దగ్గర నిలబడి, ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. ఆమె యాదమ్మ. తార్నాక రోడ్డు పక్కన సాయంత్రం పూట జొన్న రొట్టెలు చేసి అమ్ముతుంది. పైన రైలు కోసం రోడ్డు మధ్య స్తంభాలు లేపుతున్న రోజులవి.

"నెల కావొస్తున్నది మేడం. గీ పిల్లర్ల దుమ్ముకు తార్నాక తార్నాకే దగ్గుతున్నది, నేనొక్కదాన్నా?" అంది యాదమ్మ. జ్వరం లేదు, బరువు తగ్గలేదు. రాత్రి మాత్రం దగ్గు తెర వస్తే వాంతి అయ్యేదాకా వదలదట. నేను కళ్లె పరీక్షకు చీటీ రాస్తున్నాను. ఆమె వెనక, దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో ఒక పసిబిడ్డ ఉంది. చిన్నగా దగ్గింది. వెంటనే ఇంకోటి, ఇంకోటి. నాలుగైదు దగ్గుల తర్వాత ఉయ్యాలలో చప్పుడు లేదు.

ఆ చప్పుడు లేకపోవడమే నన్ను లోపలికి లాగింది. ఉయ్యాల విడదీసి చూస్తే పిల్ల ముఖం నేరేడు పండు రంగులోకి తిరిగింది. నాలుక బయటికి వచ్చింది, పెదాలు నల్లబడ్డాయి, ఛాతీ కదలడం లేదు. పక్కకు తిప్పి వీపు రుద్ది, అరికాలి మీద వేలితో గట్టిగా కొట్టాను. నా లెక్కలో పదకొండు వచ్చాక పిల్ల ఊపిరి తీసుకుంది, తాగిన పాలన్నీ కక్కి వేలాడిపోయింది. వంటగదిలోంచి తల్లి పరుగెత్తుకొచ్చింది. రజిత ఆమె పేరు, యాదమ్మ కూతురు.

"పాలు ఎక్కినయ్ మేడం, గంతే. నాలుగు దినాల సంది గిట్లనే అయితున్నది. ముందుగాల జర సర్ది చేసింది" అంది. నా ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏంది మేడం, గట్ల చూస్తున్నరు?"

నాకు తోచినది కోరింత దగ్గు. అది పెద్ద పిల్లల్లో దాగదు. ఊపిరి తీసుకునే సందు లేకుండా వరసగా దగ్గి, చివర గాలి లోపలికి లాగినప్పుడు ఒక కూత వస్తుంది. ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. దగ్గు ఒత్తిడికి కంటి తెల్లగుడ్డులో నెత్తురు చారలు పడతాయి, ఒక్కోసారి బొడ్డు దగ్గర పేగు పొంగుతుంది. నెలల పిల్లల్లో మాత్రం ఆ కూత ఉండదు. అంత బలంగా గాలి లాగే శక్తి వాళ్లకు లేదు. నాలుగు దగ్గులు దగ్గి ఊపిరి ఆపేస్తారు. ఇంట్లో వాళ్లు నిద్రపోయిందనుకుంటారు. ఊపిరితిత్తులకు న్యుమోనియా పట్టడం, మెదడుకు గాలి అందక ఫిట్స్ రావడం, ప్రాణం పోవడం ఈ వయసులోనే ఎక్కువ. నా మొదటి పోస్టింగులో, టీకా చేరని ఒక తండాలో, రెండు నెలల మగపిల్లవాడు ఇలాగే దగ్గి నా ఒళ్లోనే పోయాడు. ఆ తర్వాత, పెంటావాలెంట్ కంటే ముందు వాడిన డీపీటీ టీకా ఊరూరా చేరింది. ఏటేటా ఆ దగ్గు తగ్గి, చివరికి నేనూ మరిచిపోయాను. కవిత, విజయ ఉద్యోగంలో చేరేసరికి వాళ్లకు అది పరీక్షలో రాసే పేరు మాత్రమే. విజయ అంగన్‌వాడీ గోడకు అవతల పది అడుగుల దూరంలో ఉండి, పొద్దుటి నుంచి ఆ దగ్గు వింటూనే గుర్తుపట్టలేదు. ఆమె తప్పు కాదు. ఎప్పుడూ విననిదాన్ని ఎవరు గుర్తుపడతారు?

పిల్ల వయసు అడిగాను. మూడున్నర నెలలు, పేరు సహస్ర. ఆ వయసుకు పెంటావాలెంట్ మూడు డోసులూ పడి ఉండాలి. కోరింత దగ్గును ఆపేది అందులోనే ఉంటుంది. కార్డు తెప్పించి చూస్తే పుట్టిన రోజు ఆసుపత్రిలో వేసినవి తప్ప గళ్లన్నీ ఖాళీ. ఎందుకు వేయించలేదని నేను కాస్త కటువుగానే అడిగాను. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముఖం చెల్లదు.

"నెలన్నరకు పోయిన మేడం, గీ పక్క అంగన్‌వాడికే. కార్డు క్వార్టర్ల దిక్కుది, గాడనే ఏపించుకో అన్నరు" అంది రజిత. "గాడికెట్ల పోత? సూదులేసే జాగ మా అత్తగారింటి ఎదురుంగనే. ఒడిబియ్యం పోసి తోలియ్యకుంట అత్తగారి గడప తొక్కొద్దు గదా. మూడో నెల పోదామంటే మూఢం వచ్చింది. ఐదో నెల పెట్టుకున్నరు."

బిడ్డతో కూతురు అత్తవారింటికి వెళ్లడం అంటే ఒడి నింపి, మంచి రోజు చూసి, పెద్దవాళ్లు వెంట నడిచి దింపి రావడం. అది జరిగేదాకా అటు అడుగు పెట్టకూడదు. భర్త మల్లేశం క్యాంపస్ హాస్టల్ మెస్‌లో వంట చేస్తాడు. రోజూ సాయంత్రం గోడ సందులోంచి వచ్చి బిడ్డను చూసి పోతాడు. అతనికి పది నిమిషాలు నడిచే దారి, ఆమెకు ఐదో నెల దాకా మూసిన దారి. ఆ దారికి అటు చివర సూది ఉంది, ఇటు చివర పిల్ల ఉంది.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. స్కూటీ మీద పది నిమిషాల్లో వచ్చింది. ఆమె ఛాతీకి స్టెతస్కోప్ పెట్టేసరికి పిల్ల హాయిగా ఊపిరి తీసుకుంటోంది, జ్వరం లేదు. తెరకూ తెరకూ మధ్య పిల్ల ఆరోగ్యంగా కనిపించడమే ఈ జబ్బు చేసే మోసం. ఇంకో డాక్టరైతే సర్ది మందు రాసి సోమవారం రమ్మనేవారు. నా మాట కొట్టిపారేసినా ఎవరూ తప్పు పట్టరు, హోదా ప్రకారం రోగం పేరు చెప్పడం నా పని కాదు. అనుపమ గారు లేచి నిలబడి, "సుగుణ గారూ, నేనీ జబ్బును పుస్తకంలో చదివానండి, ఎప్పుడూ చూడలేదు. మీరు చూశారు. మీరు అదేనంటున్నారా?" అని అడిగింది.

"అదే మేడం" అన్నాను. కాకపోతే బాగుండునని లోపల ఉంది.

"అయితే పంపించేద్దాం" అని వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేసింది. తనకన్నా చిన్న హోదా మనిషి కళ్లను నమ్మడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు. ఆ నమ్మకానికి ఆమెకు నేను ఈ జన్మకు రుణం తీర్చలేను.

అంబులెన్సు ఆ గల్లీలోకి రాదు. దగ్గరగా రాగలిగింది గోడకు అవతల, క్యాంపస్ రోడ్డు మీదికే. విజయ పిల్లను చేతుల్లోకి తీసుకుంది, డాక్టరమ్మ గాలి కొట్టే సంచీ, చిన్న మాస్కూ పట్టుకుని పక్కనే నడిచింది. గోడ సందు దగ్గరికి వచ్చేసరికి రజిత కాళ్లు ఆగిపోయాయి. అవతల కనిపించేవి అత్తగారి క్వార్టర్లు. ఒక్క క్షణమే ఆగింది. వెనక నుంచి యాదమ్మ దగ్గుతూనే అరిచింది. "ఒడిబియ్యం మల్ల చూస్కుందం, ముందుగాల నడువ్ బిడ్డా!" రజిత దాటింది. అటు వైపు పది అడుగులు వేయక ముందే పిల్ల మళ్లీ ఊపిరి ఆపింది. ఈసారి అరికాలు కొట్టినా రాలేదు. రోడ్డు పక్క పేవ్‌మెంట్ మీద పడుకోబెట్టి డాక్టరమ్మ మాస్కుతో గాలి ఇచ్చింది. నేను తల సరిగ్గా పట్టుకున్నాను. ఎన్ని సార్లు గాలి ఇచ్చాక పిల్ల ఏడ్చిందో నేను లెక్కపెట్టలేదు. ఇంట్లో ఉండగా వచ్చిన తెరకు లెక్కపెట్టిన నేను, దీనికి లెక్క మరిచిపోయాను.

పెద్ద పిల్లల ఆసుపత్రిలో సహస్రను ఐసీయూలో చేర్చుకున్నారు. ముక్కు వెనక నుంచి నమూనా తీసి పరీక్షకు పంపి, ఫలితం కోసం ఆగకుండా అజిత్రోమైసిన్ మొదలుపెట్టారు. ఆ మందు సూక్ష్మజీవిని చంపుతుంది, ఇంకొకరికి అంటకుండా ఆపుతుంది. కానీ అది అప్పటికే ఒంట్లో వదిలిన విషం పని వెంటనే ఆగదు. మిగిలింది కాపు కాయడమే. ఆక్సిజన్ పెట్టాలి, తెర వచ్చినప్పుడల్లా కఫం మెల్లగా తీయాలి, ముక్కు గొట్టంలోంచి కొద్ది కొద్దిగా పాలు పోయాలి. పిల్లను అనవసరంగా ముట్టుకోకూడదు. రెండో రోజు కుడి ఊపిరితిత్తికి న్యుమోనియా పట్టింది. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. మెదడుకు దెబ్బ తగిలిందో లేదో పిల్ల కోలుకుంటే గాని చెప్పలేమన్నారు.

ఆ మూడో రోజు మధ్యాహ్నం కేంద్రానికి వచ్చి గుడ్డ సంచి ముందు నిలబడ్డాను. జూలై జేబు ఖాళీగా, శుభ్రంగా ఉంది. కింది జేబులో చెయ్యి పెట్టి చీటీలన్నీ బల్ల మీద పోశాను. ఆ ఏడు చనిపోయిన ఒక బాబు చీటీ ఉంది, దాని కిందే రజిత, మల్లేశంల కూతురి చీటీ. బతికున్న పిల్లను ఆ జేబులో వేయించినది నేను. కవిత గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది. "నన్ను సస్పెండ్ చేస్తరా మేడం?" అని అడిగింది. నువ్వు చేసింది నా మాట వినడం ఒక్కటే, దానికి శిక్ష నీకెందుకు పడుతుంది అన్నాను. ఆ పూట కూర్చుని చీటీలన్నీ ఒక్కొక్కటే చూసి, ఎవరెవరు ఎక్కడున్నారో ఫోన్లు చేశాం. ఇంకో నలుగురు పిల్లలు అలాగే రెండు ఏరియాల మధ్య మిగిలిపోయి ఉన్నారు. ఆ వారంలోనే నలుగురికీ టీకా వేయించాం.

ఆసుపత్రి వరండాలో రజిత నన్ను సూటిగా అడిగింది, నా బిడ్డకు ఎందుకు ఎయ్యలేదు అని. ఆమె పక్కన మల్లేశం, యాదమ్మ ఉన్నారు. ఈ ప్రశ్నకు ఒక ఉద్యోగి నోట రావడానికి సిద్ధంగా ఉండే జవాబులు చాలా ఉన్నాయి. మీరే మళ్లీ రాలేదనొచ్చు, మీ ఆచారం అడ్డమొచ్చిందనొచ్చు. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. నువ్వు టైముకే వచ్చినవ్ బిడ్డా, మేమే తిప్పి పంపినం, నీ చీటీ తీసి పక్కన పెట్టమన్నది నేనే అన్నాను. మల్లేశం ముఖం తిప్పుకున్నాడు. అతని కోపం న్యాయమైనది. రజిత మాత్రం, "మీరు ఆ దినం ఇంట్లకు రాకపోతె నా బిడ్డ గిప్పుడు గీడ గూడ ఉండకపోవు" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. కానీ ఆ మాట నన్ను నిలబెట్టింది.

యాదమ్మది ఇంకో బాధ. పరీక్షలో ఆమెకూ కోరింత దగ్గే తేలింది. ఈ జబ్బు నుంచి వచ్చే రక్షణ, టీకా నుంచి వచ్చినదైనా ఒకసారి జబ్బు చేసి వచ్చినదైనా, ఏళ్లు గడిచే కొద్దీ పలచబడుతుంది. పెద్దవాళ్లకు అది విసిగించే దగ్గు, అంతే. వాళ్ల దగ్గర నుంచి పసివాళ్లకు చేరితేనే ప్రాణాంతకం. "నా చేతులతోని నీళ్లు పోసిన, నా నోటితోని ముద్దు పెట్టిన. నేనే అంటించిన్నా?" అని ఆమె నన్ను పట్టుకుని అడిగింది. నీకూ ఎవరో అంటించిన్రు, నీ దగ్గు నెల రోజులు విని దుమ్మే అనుకున్నోళ్లలో మేమంతా ఉన్నం అని చెప్పాను. ఇంటిల్లిపాదికీ మందు ఇచ్చాం.

ఆ ఇంట్లోనే ఇంకో పిల్లవాడున్నాడు. యాదమ్మ కొడుకు కొడుకు బన్నీ, నాలుగేళ్లవాడు. అదే చీర ఉయ్యాల ఊపాడు, అదే నాయనమ్మ పక్కన పడుకున్నాడు. వాడి కార్డులో బూస్టర్‌తో సహా గళ్లన్నీ నిండి ఉన్నాయి. నాలుగు రోజులు పొడిగా దగ్గి, ఆ నాలుగు రోజులూ గల్లీలో క్రికెట్ ఆడాడు. వాడికి సోకిందో లేదో కూడా నాకు గట్టిగా తెలియదు. టీకా గురించి నేను ఇరవై మూడేళ్లు చెప్పిన ఉపన్యాసాలన్నీ ఒక పక్క పెట్టి, ఆ గల్లీ ఆడవాళ్లు ఆ ఇద్దరు పిల్లల్ని చూశారు. తర్వాతి శనివారం విజయ వెంట తెచ్చుకున్న టీకాలు చాలక మళ్లీ తెప్పించుకోవాల్సి వచ్చింది.

తొమ్మిదో రోజు పొద్దున వరండాలో ఉండగా ఐసీయూ తలుపు వెనక నుంచి ఒక ఏడుపు వినిపించింది. అక్కడ పిల్లలు చాలామంది ఉన్నారు, అయినా రజిత దిగ్గున లేచింది. "నా బిడ్డే!" అంది. ఆకలికి ఏడుస్తోందని నర్సు వచ్చి చెప్పింది. గొంతు నిండా గాలి పీల్చుకుని, ఆగి ఆగి కాకుండా, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తోంది. యాదమ్మ నేల మీద కూర్చుండిపోయి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేనూ ఏడ్చాను. యూనిఫారంలో ఉండి ఏడవకూడదని జూనియర్లకు చెప్పేదాన్ని నేనే.

రోగం ఖాయమైంది కనుక జిల్లా టీకాల అధికారికి కేసు నివేదిక వెళ్లాలి. అందులో 'టీకా పడకపోవడానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. తల్లిదండ్రుల నిర్లక్ష్యం అని రాస్తే ఎవరూ రెండోసారి చూడరు. నేను రాసింది ఇది: "ఆరో వారంలో తల్లి బిడ్డను తీసుకుని అంగన్‌వాడీకి వచ్చింది. కార్డు వేరే ఏరియాది అని తిప్పి పంపాము. చీటీని సూపర్‌వైజర్ ఆదేశం మీద విడిచిపోయిన వారి జేబులో వేశాము." అనుపమ గారు చదివి, ఇది మీకు ఇబ్బంది కదండీ అంది. ఉన్నది అదే మేడం అన్నాను. ఆమె కింద ఇంకో వాక్యం తన చేత్తో చేర్చి సంతకం చేసింది. మెడికల్ ఆఫీసర్‌గా తాను ఆ సంచిని తనిఖీ చేసి ఉండాల్సిందనీ, చేయలేదనీ. నాకు ఒక మెమో వచ్చింది, ఆమెకు మందలింపు వచ్చింది. అంత సర్వీసులో నాకు వచ్చిన మెమో అదొక్కటే. సర్వీసు రిజిస్టర్‌లో అది ఇంకా ఉండే ఉంటుంది. ఉండాలి కూడా.

సహస్ర డిశ్చార్జి అయ్యాక నెలన్నరకు అదే అంగన్‌వాడీలో పెంటావాలెంట్ మొదటి డోసు వేశాం. ఒకసారి వచ్చి పోయిన రోగానికి మళ్లీ సూది ఎందుకని మల్లేశం తల్లి అడిగింది. ఆ ఒక్క సూదిలో ఇంకో నాలుగు రోగాలకు రక్షణ ఉందనీ, కోరింత దగ్గు వచ్చి పోయినా ఆ రక్షణ జీవితాంతం ఉండదనీ డాక్టరమ్మ కూర్చుని చెప్పింది. విజయ సూది వేస్తుంటే రజిత పిల్ల తొడను తానే గట్టిగా పట్టుకుంది. పిల్ల గల్లీ అంతా వినబడేలా ఏడ్చింది. "ఏడ్వనీయండి మేడం, మంచిగున్నది, ఇనబుద్ధి అయితున్నది" అంది రజిత. ఆ తర్వాత రెండేళ్లు పిల్ల వినికిడి, నడక, మాట అన్నీ ఆసుపత్రిలో పరీక్షించారు. దెబ్బ ఏదీ మిగల్లేదు. యాదమ్మ ఇప్పటికీ రొట్టెలు చేస్తుంది. బండి దగ్గరికి వచ్చిన కడుపుతో ఉన్న ప్రతి ఆడపిల్లనూ, కాన్పుకు ఎక్కడికి పోతున్నావ్, కార్డు వెంట తీసుకపోతున్నవా అని అడగకుండా రొట్టె కట్టదట. ఈ పని నేను ఆమెకు చెప్పలేదు, ప్రభుత్వమూ చెప్పలేదు.

ఆ ఏడాది నుంచి మా కేంద్రంలో ఏర్పాటు మారింది. కార్డు ఎక్కడిదని కాక పిల్ల ఎక్కడుందని చూసి లిస్టు రాశాం. తల్లిగారింటికి వచ్చిన బాలింతలకు వేరే పట్టీ పెట్టాం. టీకా వేసి, చీటీ ఉన్న ఏరియాకు ఫోన్‌లో కబురు చెప్పే పని వేసిన ఏఎన్ఎందే. నివేదికలో శాతం తగ్గింది, సమావేశంలో మళ్లీ చీవాట్లు తిన్నాను. వాటిని నేను పట్టించుకోలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది పెద్ద సంగతేమీ కాదు. టీకా తన పని తాను చేస్తుంది, బన్నీలో చేసింది. దాన్ని పిల్ల దాకా చేర్చడం మా పని. చేర్చామని కాగితం చెప్పినప్పుడు కాగితాన్ని కాక పిల్లను వెళ్లి చూడాలి. రిటైరయ్యేదాకా ప్రతి డ్యూ లిస్టు దగ్గరా నేను ఒకే ప్రశ్న అడిగాను. ఈ పిల్ల నిన్న రాత్రి ఏ ఇంట్లో పడుకుంది? సహస్ర విషయంలో ఆ జవాబు కవితకు తెలుసు, విజయకు తెలుసు, గోడకు రెండు వైపులా ఉన్న గల్లీలన్నిటికీ తెలుసు. అడగనిది నేనొక్కదాన్నే.